పన్నెండో ముక్క

ఆ కటింగ్ హాల్లో గీతలు గీసేవాళ్ళు ఆరుగురు. అయిదుగురికి చేతిలో స్కేలు లేకపోతే గీత నడవదు. ఆరోవాడికి స్కేలు అక్కర్లేదు కాబట్టి అతనికే 'స్కేలు' అన్న పేరు స్థిరపడింది. హాజరు పుస్తకంలో ఇంకేదో పేరుంది గాని, దాంతో పిలిస్తే అతను కూడా వెంటనే పలికేవాడు కాదు. ముప్పై మూడేళ్ళ మనిషి. సన్నగా, పొడుగ్గా, నిజంగానే స్కేల్లా ఉంటాడు. బడిపిల్లల యూనిఫాం గుడ్డని నలభై పొరలుగా పరిచిన బల్ల ముందు నిలబడి, ఎడమచేత్తో ముక్క ఆకారానికి కత్తిరించిన అట్ట నొక్కిపట్టి, కుడిచేత్తో సుద్దబిళ్ల లాగితే చాలు, ఎక్కడికి వెళ్ళాలో ముందే తెలిసినట్టు గీత వెళ్ళిపోయేది.

మాస్టారు ఆ గీతని రోజుకి నాలుగైదు సార్లయినా నిలబడి చూసేవారు. చూడాల్సిన అవసరమేమీ లేదు. చూడాల్సినవి మిగతా అయిదుగురి గీతలు. "పొద్దున్నుంచీ వంకర గీతలు చూసిన కళ్ళు కడుక్కోవాలి కదా" అనేవారు, ఎవరైనా అడిగితే.

ఆయన ఆ హాలుకి కటింగ్ మాస్టారు. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. భార్య పోయి నాలుగేళ్ళయింది. ఆవిడ కళ్ళజోడు పెట్టె ఆయన జేబులో ఉంటుంది. అందులో ఇప్పుడు సుద్దముక్కలు పెట్టుకుంటున్నారు. మూత మూసినప్పుడు 'టప్' మని చిన్న చప్పుడు. ఆ చప్పుడు కోసమే ఆయన అవసరం లేకపోయినా పెట్టె తెరుస్తారని, బల్లల మీద గుడ్డ పరిచే పిన్ని కనిపెట్టింది. కనిపెట్టి, ఎవరితోనూ అనలేదు. అందుకు మాస్టారికి పిన్ని మీద గౌరవం.

పిన్ని అందరికీ పిన్నే. స్కేలుకి మాత్రం వాళ్ళమ్మ వైపు నుంచి నిజంగానే పిన్ని వరస. ఇద్దరిదీ ఎగువ. ఆ ఫ్యాక్టరీలో మనుషులు రెండు వైపుల వాళ్ళు: పనికోసం ఎగువ నుంచి దిగి వచ్చినవాళ్ళు, ముందునుంచీ ఇక్కడే ఉన్న దిగువవాళ్ళు. యంత్రాల దగ్గర, బల్లల దగ్గర అందరూ కలిసే ఉంటారు. టీ తాగేటప్పుడు మాత్రం ఎవరి కిటికీ వాళ్ళది.

హాల్లో రెండు నియమాలు. ప్రతి బల్లకీ ఒక చీటీ ఉండాలి: ఎన్ని పొరలు, ఎన్ని ముక్కలు, గీత మొదలుపెట్టిన సమయం, ముగించిన సమయం. అది మాస్టారు స్వయంగా రాస్తారు. రెండోది సూపర్‌వైజరు పెట్టింది. గీత తప్పితే గీసినవాడి పేరు గోడమీది నల్లబోర్డు ఎక్కుతుంది. నెలలో మూడుసార్లు ఎక్కితే మర్నాటి నుంచి రానక్కర్లేదు. అందువల్ల ఆ హాల్లో చీటీ కంటే ముఖ్యమైన వస్తువు ఇంకోటి తయారైంది. పిన్ని నడుముకి వేలాడే పాతగుడ్డ. ఎవరి గీత తప్పినా, సూపర్‌వైజరు కంటపడేలోగా ఆ గుడ్డ దాన్ని తుడిచేసేది. ఎగువ దిగువ తేడా ఆ గుడ్డకి లేదు.

ఆ మంగళవారం పదకొండున్నర కావస్తుండగా మాస్టారు మూడో బల్ల పక్కనుంచి వెళ్తుంటే, స్కేలు గుడ్డ తాను మీద కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. సుద్దబిళ్ల నేలమీద రెండు ముక్కలై పడి ఉంది. పిన్ని అతనికి అడ్డంగా నిలబడి, బల్ల మీదికి వంగి, గబగబా ఏదో చేస్తోంది.

"ఏమైంది?" అన్నారు మాస్టారు.

"ఏమీ లేదు మాస్టారూ. తల తిరిగిందట. రెండు నిమిషాలు కూర్చుని లేస్తాడు."

స్కేలు తలెత్తి ఏదో అన్నాడు. మాట నోట్లోనే ముద్దయిపోయింది. నవ్వబోయాడు. నవ్వు ఒక వైపుకే వచ్చింది.

నడవాలోంచి సూపర్‌వైజరు చూశాడు. "ఎగువ సరుకు కదా గురువుగారూ. సోమవారం పోస్తే మంగళవారం పదకొండింటికి తలకెక్కుతుంది. మొహాన నీళ్ళు కొట్టించండి."

ఎవరో నవ్వారు. మాస్టారు నవ్వలేదు. అలాగని కాదనీ అనలేదు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా తాగి రాని మనిషి గురించి ఆ మాట విని, 'నిన్న చుట్టాలెవరైనా వచ్చారేమో' అనుకున్నారు. అలా అనుకుని, అయిదో బల్ల దగ్గరకి వెళ్ళిపోయారు. అక్కడ కాలర్ ముక్కలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. వాటిని సర్దించేసరికి ఇరవై నిమిషాలు పట్టింది.

తిరిగి వచ్చేసరికి స్కేలు అలాగే ఉన్నాడు. కాకపోతే తల తాను మీదికి వాలింది. పెదవి చివర తడిగా ఉంది. పక్కనే పిన్ని టీగ్లాసు పట్టుకుని, తాగించాలా వద్దా అన్నట్టు నిలబడింది.

మాస్టారు బల్ల మీద గుడ్డ అంచు చూస్తున్నట్టు వంగారు. ఇంకాస్త వంగి, స్కేలు నోటికి దగ్గరగా మొహం పెట్టి, ఊపిరి లోపలికి పీల్చారు.

టీ వాసన. సుద్ద వాసన. కొత్తగుడ్డ గంజి వాసన. అంతకుమించి ఏమీ లేదు.

స్కేలు కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. ఆ చూపులో మత్తు లేదు. చాలా స్పష్టంగా, చాలా భయంగా ఉంది.

మాస్టారికి వైద్యం తెలియదు. తెలిసినదల్లా కొలతలు. ఫ్యాక్టరీకి రాకముందు ఇరవై ఏళ్ళు చిన్న దుకాణంలో మనుషుల్ని ఎదురుగా నిలబెట్టి టేపు పట్టారు. అందుకని మెడలో టేపు తీసి, "లేవయ్యా, నీకో చొక్కా కుడతాను. చేతులు చాపు" అన్నారు.

పిన్ని ఒక పక్క ఆసరా పట్టుకుంది. స్కేలు రెండు చేతులూ ముందుకి చాపాడు. ఎడమది నిలబడింది. కుడిది నిలబడినట్టే నిలబడి, మెల్లగా, గాలి తగ్గుతున్న జెండాలా కిందికి దిగిపోయింది. అది దిగుతున్నట్టు స్కేలుకే తెలియలేదు. చాచే ఉంచానన్నట్టు మాస్టారి వైపు చూస్తున్నాడు.

వేలమంది చేతులు చాపగా చూశారాయన. ముసలివాళ్ళు, నిద్రలో లేచొచ్చిన పెళ్ళికొడుకులు, నిజంగా తాగినవాళ్ళు. తాగినవాడు మొత్తం ఊగుతాడు గాని, ఒక్క చెయ్యి మాత్రం మర్చిపోడు.

"వ్యాను ఎక్కడుంది?" అన్నారు మాస్టారు.

"ఇంటికా? ఇంటికైతే నడిపించండి" అన్నాడు సూపర్‌వైజరు.

"ఆస్పత్రికి."

"ముప్పై మూడేళ్ళవాడికి ఆస్పత్రి ఏంటి గురువుగారూ, పడుకుంటే దిగిపోయేదానికి?"

"దిగినప్పుడు తీసుకొస్తాను. వ్యాను పిలువు."

ఆయన గొంతు పెంచలేదు. అయినా సూపర్‌వైజరు ఫోన్ తీశాడు. బొత్తాల సెక్షన్ నుంచి స్కేలు భార్య చేతిలో సూది పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. దాన్ని ఎక్కడ గుచ్చాలో తెలియక దారి పొడుగునా వేళ్ళ మధ్య అలాగే పట్టుకుంది. వ్యాన్ డ్రైవరు మామూలుగా వాగుడుకాయ. ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. గుంతలు వచ్చినప్పుడు మాత్రం, ముందే ఎడమచేత్తో సైగ చేసి చెప్పాడు, వెనక తల పట్టుకున్నవాళ్ళు జాగ్రత్తపడటానికి. ఆ సైగ మాస్టారికి చాలా రోజులు గుర్తుంది.

ఆస్పత్రి చీటీల కిటికీ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు.

"వయసు?"

"ముప్పై మూడు."

"ఏమైంది?"

"మాట తడబడుతోంది. చెయ్యి లేవడం లేదు."

"ఏ వైపు?"

"కుడి వైపు."

"చెయ్యి సంగతి కాదండీ. మనిషిది ఏ వైపు?"

"ఎగువ," అంది స్కేలు భార్య.

గుమాస్తా కలం ఆగింది. పక్కగోడ వైపు చూపించింది. అక్కడ ఒక ఆకుపచ్చ బెంచీ. దాని మీద అప్పటికే ఇద్దరు సోలిపోయి ఉన్నారు. ఆ ఇద్దరి దగ్గర నిజంగానే వాసన వస్తోంది. "అక్కడ కూర్చోబెట్టండి. సెలైన్ పెడతారు, సాయంత్రానికి తేలిక పడుతుంది."

"ఇతను తాగలేదు బాబూ."

"అందరూ అదే అంటారు."

"నేను వాసన చూశాను."

గుమాస్తా అప్పుడు తలెత్తాడు. ఎదురుగా తెల్లజుట్టు, మెడలో టేపు, చొక్కా నిండా సుద్ద. నవ్వొచ్చింది అతనికి. "మీరు వాసన చూసి ధ్రువీకరిస్తే మేమెందుకండీ ఇక్కడ?" అని, వెనకున్న మనిషిని రమ్మన్నాడు.

ఆ బెంచీ మీద ముప్పై అయిదు నిమిషాలు కూర్చున్నారు. ఎదురుగోడకి గడియారం ఉంది కాబట్టి ఆ లెక్క తెలిసింది. మాస్టారు రెండుసార్లు లేచి వెళ్ళారు. రెండుసార్లూ గుమాస్తా 'వరసలో రండి' అన్నాడు. మూడోసారి లేచినప్పుడు కిటికీ వైపు వెళ్ళలేదు. తలుపు మీద 'లోపలికి రాకూడదు' అని రాసి ఉన్న గదిలోకి వెళ్ళారు. బతుకంతా బోర్డులు చదివి ఆగిపోయిన మనిషి ఆయన.

లోపల ఒక డాక్టరమ్మ నిలబడే అన్నం తింటోంది.

"అమ్మా, ఒక్కసారి వచ్చి చూడండి. చేతులు చాపమంటే ఒకటి దిగిపోతోంది."

ఆమె నములుతున్నది ఆపింది. డబ్బా మూత కూడా పెట్టకుండా వచ్చింది. బెంచీ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, "నవ్వండి. చేతులు చాపండి. మీ పేరు చెప్పండి" అని మూడు మాటలంది. అంతే, అయిదో నిమిషానికి స్కేలు చక్రాల మంచం మీద ఉన్నాడు. పదిహేనో నిమిషానికి తల ఫొటో తీయించారు.

"పక్షవాతం," అంది డాక్టరమ్మ బయటికొచ్చి. "మెదడుకి వెళ్ళే రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. లోపల రక్తం కారలేదు, అది అదృష్టం. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఉంది. కాని మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. దాటాక ఇస్తే మేలు కంటే కీడెక్కువ. ఎప్పుడు మొదలైంది?"

"పదకొండున్నరకి నేను చూశాను."

"చూసింది కాదు. మొదలైంది. ఆఖరిసారి బాగా ఉన్నట్టు ఖచ్చితంగా ఎప్పుడు తెలుసు?"

స్కేలు భార్య ముందుకొచ్చింది. "పొద్దున తలనొప్పన్నాడమ్మా. ఏడున్నరకి చేతిలో గ్లాసు జారిపోయింది. పరధ్యానం అని నేను తిట్టాను కూడా."

డాక్టరమ్మ గడియారం చూసుకుంది. ఒంటిగంట పది. "ఏడున్నరకే మొదలైతే ఇప్పటికి దాటిపోయింది. అప్పటి నుంచి పదకొండున్నర దాకా అతని చెయ్యి బాగా ఉందని ఎవరైనా చెప్పగలరా? ఊరికే చెప్పడం కాదు. రుజువు కావాలి."

స్కేలు భార్య వేళ్ళ మధ్య సూది ఇంకా ఉంది. మాస్టారు దాన్ని మెల్లగా తీసి, కళ్ళజోడు పెట్టెలో పెట్టారు. 'టప్' మంది. ఆ చప్పుడుకే ఆయనకి తోచింది.

రుజువు బల్ల మీద ఉంది. పొద్దున్నుంచీ ఆ చెయ్యి మూడు బల్లల గుడ్డ మీద గీసింది. ఎక్కడి దాకా బాగుందో గుడ్డే చెబుతుంది.

సూపర్‌వైజరుకి ఫోన్ చేసి పిన్నికి ఇమ్మన్నారు.

"పిన్నీ, మూడో బల్ల మీద స్కేలు గీత ఎక్కడ తప్పింది?"

"తప్పలేదు మాస్టారూ."

"పిన్నీ."

"ఒక్కటీ తప్పలేదు. మీరొచ్చి చూసుకోండి. అన్నీ తిన్నగా ఉన్నాయి." ఆమె గొంతు తగ్గించింది. "ఈయన పక్కనే ఉన్నాడు. ఈ నెల వాడి పేరు ఇప్పటికే రెండుసార్లు ఎక్కింది. రెండుసార్లూ అట్టే తప్పు, వాడి తప్పు కాదు. ఇంకోటి ఎక్కితే…"

మాస్టారు గోడకి ఆనుకున్నారు. ఆ గుడ్డ ఎంతమందిని కాపాడిందో ఆయనకి తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్న రోజులు ఆయనవే.

"పిన్నీ, విను. ఇన్నేళ్ళూ నువ్వు తుడిచావు, నేను చూడలేదు. ఇద్దరికీ పుణ్యమే. ఈసారి మాత్రం నీ అబద్ధం వాణ్ణి కాపాడదు. వాడి గీత వంకరగా ఉంటేనే వాడు బతుకుతాడు. ఎక్కడ నుంచి వంకర పోయిందో చెప్పు. ఉద్యోగం సంగతి నాది."

ఈసారి పిన్ని, అందరికీ వినిపించేలాగే అంది:

"తుడిచాను మాస్టారూ. పన్నెండో ముక్క నుంచి తుడిచాను. పన్నెండు, పదమూడు, పధ్నాలుగు. పదిహేనోది వాడు మొదలెట్టనే లేదు. అంతకుముందు పదకొండూ వాడివే. వాటి మీద నా గుడ్డ పడలేదు."

"మొదటి రెండు బల్లలూ?"

"ఎప్పుడో కోసేశారు. కట్టలు కట్టేశారు."

అప్పుడు ఫోన్‌లో సూపర్‌వైజరు గొంతు వచ్చింది. గొంతులో వెటకారం లేదు. "గురువుగారూ, కట్టలు విప్పిస్తాను. పై పొర అంచున సుద్ద ఉంటుంది కదా. అట్ట పెట్టి చూసి, ఫొటోలు పంపుతాను. మూడో బల్ల చీటీ కూడా పంపనా?"

"పంపు నాయనా," అన్నారు మాస్టారు. అతన్ని ఆ మాటతో పిలవడం అదే మొదలు.

ఏడు నిమిషాల్లో ఫొటోలు వచ్చాయి. రెండు బల్లల పై పొరలు, అట్ట అంచుకి వెంట్రుకవాసి తేడా లేకుండా. మూడో బల్ల మీద పదకొండు ముక్కల చుట్టూ సన్నని గీత; పన్నెండో దగ్గర నుంచి తుడిచిన తెల్లటి మసక, దాని మీద పిన్ని గట్టిగా నొక్కి గీసిన లావు గీత. మసకలోంచి పాత గీత కొద్దిగా కనిపిస్తోంది. అట్టని వదిలేసి, ఎటో వెళ్ళిపోయి, గుడ్డ మధ్యలో ఆగిపోయింది. ఆ తర్వాత చీటీ, మాస్టారి చేతిరాతలోనే. 'మొదలు: 10.50.'

"ముక్కకి ఎంతసేపు పడుతుంది?" అంది డాక్టరమ్మ.

"ఇతనికి రెండు నిమిషాలు. ఎనిమిదేళ్ళుగా అంతే."

"అంటే పదకొండుంబావు ప్రాంతం." ఆమె ఫొటోని పెద్దది చేసి చూసింది. "ఈ గీతలన్నీ చేత్తోనే గీశాడా? స్కేలు లేకుండా?"

"స్కేలు లేకుండానే."

"నా పరీక్షల కంటే ఇదే నమ్మకంగా ఉంది," అని లోపలికి వెళ్ళిపోయింది. తలుపు మూసుకునేలోగా, "ఇంజెక్షన్ కలపండి" అన్న మాట బయటికి వినిపించింది.

మాస్టారు బెంచీ మీద కూర్చున్నారు. ఆకుపచ్చ బెంచీయే. ఇంకెక్కడా చోటు లేదు. సోలిపోయిన ఇద్దరిలో ఒకడు కళ్ళు తెరిచి, జరిగి, కాస్త చోటిచ్చాడు.

గురువారానికి స్కేలు తన పేరు చెప్పాడు. ముందు హాజరు పుస్తకంలోది చెప్పి, ఎవరూ గుర్తుపట్టనట్టు చూస్తే, "స్కేలు" అన్నాడు. 'స్కే' కాస్త జారింది, 'లు' నిలబడింది. భార్య మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. పిన్ని మాత్రం, "మాటొచ్చింది కదా, ఇంక మీ ఆయన్ని తిట్టొచ్చు నువ్వు" అంది.

వార్డులో అటూ ఇటూ చూస్తే మాస్టారికి ఒక సంగతి అర్థమైంది. తెల్లజుట్టు మంచాలన్నీ దిగువవాళ్ళవి. నల్లజుట్టు మంచాలు అయిదు ఉంటే, నాలుగు ఎగువవాళ్ళవే. ఒకడు లారీ క్లీనరు, ఒకావిడ పసిపిల్ల తల్లి.

డాక్టరమ్మ చేతిలో ఒక పెద్ద పుస్తకం ఉంది. ఆయన చూపు చూసి ఆమే చెప్పింది. "ఎగువవాళ్ళు ఈ జబ్బుతో పదీ పదిహేనేళ్ళు ముందే వస్తారు. ఎందుకంటే ఒకటని చెప్పలేం. రక్తపోటు ఉంటుంది, ఎవరూ చూడరు. పాతిక్కే మొదలవుతుంది, నలభై దాకా చూపించుకోరు. పొగ, ఉప్పు, నిద్రలేని షిఫ్టులు, పుట్టుకతో వచ్చేదేదో కొంత. ఇంకా వెతుకుతున్నాం. అందుకే ఇదంతా రాస్తున్నాను, వయసు, ఏ వైపు, ఎన్నింటికి వచ్చారు."

"ఇతనికి ఎన్నింటికి అని రాశారమ్మా?"

ఆమె వేలు వరస వెంట వెళ్ళింది. "పన్నెండూ యాభై అయిదు. నేను చూసిన సమయం."

"మేం పన్నెండుంబావుకి వచ్చామమ్మా. పన్నెండూ ఇరవైకి ఆ బెంచీ మీద ఉన్నాం."

డాక్టరమ్మ పుస్తకంలో వెనక్కి తిప్పింది. ఒక పేజీ, ఇంకో పేజీ, ఇంకోటి. "ఎగువవాళ్ళు ఆలస్యంగా వస్తారని రాసుకుంటున్నాను," అంది చివరికి. "రెండేళ్ళుగా. అవగాహన లేదు అని కారణం కూడా రాశాను."

స్కేలు మంచానికి తగిలించిన కేసుషీటు పలక తీసి, పుస్తకం దానిమీద పెట్టుకుని, అందులో కొత్త గడి ఒకటి గీసింది. గీత వంకరగా వచ్చింది. మాస్టారు మాట్లాడకుండా జేబులోంచి టేపు తీసి, పుస్తకం మీద బిగించి తిన్నగా పట్టుకున్నారు. దాని వెంట ఆమె మళ్ళీ గీసింది. పైన 'కిటికీ దగ్గర సమయం' అని రాసింది.

మర్నాడు మాస్టారు వెళ్ళేసరికి ఆకుపచ్చ బెంచీ అక్కడే ఉంది. కాని కిటికీ పక్కన ఒక కాగితం అంటించి ఉంది: నవ్వమనండి, చేతులు చాపమనండి, పేరు చెప్పమనండి, తర్వాతే బెంచీ. గుమాస్తా ఆయన్ని గుర్తుపట్టి, కొంచెం ఇబ్బందిగా, "ఇవాళ ఇద్దరి చేత నవ్వించానండీ. బెంచీకే వెళ్ళారు గాని, నవ్వించాను" అన్నాడు.

శనివారం డాక్టరమ్మ మనుషులు రక్తపోటు యంత్రంతో ఫ్యాక్టరీకి వచ్చారు. ఎగువవాళ్ళ వరస గేటు దాకా సాగింది. పిన్నికి నూట తొంభై ఉంది. "ఇన్నాళ్ళూ మీ గీతలు తుడిచి తుడిచి ఎక్కింది" అంది. అందరూ నవ్వాక, సూపర్‌వైజరు నిదానంగా వచ్చి, తనకేం లేదని ముందే చెప్పి, వరస చివర నిలబడ్డాడు. గోడమీది నల్లబోర్డు ఆ పొద్దున తుడిచి ఉంది. ఎవరు తుడిచారని ఎవరూ అడగలేదు. పిన్నయితే కాదు. ఆమె గుడ్డకి అంత ఎత్తు అందదు.

సోమవారం సాయంత్రం నాలుగింటికి మాస్టారు ఆస్పత్రికి వెళ్ళారు. చంకలో కాగితం పొట్లం. పిన్ని కూడా వెంట వచ్చింది. స్కేలు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని, ఒక మెత్తటి బంతిని కుడిచేత్తో నొక్కుతున్నాడు. బంతి లొంగుతోంది, తిరిగి లేస్తోంది.

అతని భార్య లేచి కుర్చీ ఇచ్చింది. "కూర్చోండి బాబాయిగారూ. మీ రుణం…"

"ఆ మాట అనొద్దమ్మా," అన్నారు మాస్టారు. కూర్చోలేదు. ఆరు రోజులుగా ఒక మాట గొంతులో అడ్డం పడి ఉంది. ఈ పిల్ల కృతజ్ఞత ఒక్కొక్కసారీ దాన్ని ఇంకాస్త లోపలికి తోస్తోంది. స్కేలు వైపు తిరిగారు. "నేను చెప్పాల్సింది ఒకటుంది. ఆ రోజు పదకొండున్నరకే చూశాను నిన్ను. చూసి వెళ్ళిపోయాను. వాళ్ళన్నది నిజమేమో అనుకున్నాను. ఇరవై నిమిషాలు కాలర్లు సర్దుకుంటూ ఉన్నాను. తిరిగొచ్చి కూడా, నీ మొహంలో మొహం పెట్టి వాసన చూశాను. ఎనిమిదేళ్ళు నీ గీత చూసినవాణ్ణి. చెయ్యి చూడాల్సింది, నోరు చూశాను."

స్కేలు బంతి నొక్కడం ఆపాడు. మాటలు ఇప్పుడతనికి ఒక్కొక్కటే వస్తాయి, ఒకటి నిలబడ్డాక ఇంకోటి.

"తెలుసు," అన్నాడు.

"తెలుసా?"

"మీ మీసం… తగిలింది." ఒకవైపు నవ్వు ఇప్పుడు ఒకటిన్నర వైపులకి వచ్చింది. "మాస్టారూ. మా అన్నకి… ఇట్లాగే అయింది. గోదాం పనిలో. ముప్పై ఏళ్ళు. తాగాడన్నారు. నీడలో పడుకోబెట్టారు. సాయంత్రానికి… పోయాడు." బంతి ఒళ్ళో పెట్టుకున్నాడు. "వాడి దగ్గర కూడా… వాసన లేదు. కాని ఎవరూ… దగ్గరకొచ్చి చూడలేదు. దూరం నుంచే… తెలిసిపోయింది వాళ్ళకి."

 భార్య అతని భుజం మీద చెయ్యి వేసింది.

"మీరు వంగినప్పుడు," అన్నాడు స్కేలు, "నేను… అనుకున్నాను. చూడనీ. బాగా చూడనీ అని. చూస్తే… తెలుస్తుంది కదా."

 క్షమించమని అడగడానికి వచ్చిన మనిషికి ఎదుటివాడు తాంబాళంలో పెట్టి కృతజ్ఞత ఇస్తే, దాన్ని ఏ చేత్తో పుచ్చుకోవాలి? మాస్టారు కళ్ళజోడు పెట్టె తెరిచారు, మూశారు. 'టప్' మంది. పిన్ని కిటికీ బయటికి చూసింది.

తర్వాత ఆయన పొట్లం విప్పారు. లేత నీలం గుడ్డ. "నీకో చొక్కా కుడతానన్నాను. అబద్ధం కాకూడదు కదా. చేతులు చాపు."

స్కేలు చేతులు చాపాడు. ఎడమది నిలబడింది. కుడిది నిలబడింది, నిలబడి, వణికి, దిగసాగింది. రెండంగుళాల దగ్గర ఆగింది. అక్కడ పళ్ళు బిగబట్టి నిలిపాడు. మాస్టారు టేపు పట్టి చూశారు. "రెండే. శుక్రవారం నాలుగు."

మందులు పెట్టుకునే బల్ల దగ్గరకి లాగి, దానిమీద గుడ్డ పరిచారు. పిన్ని అలవాటుగా అరచేత్తో ముడతలు సాపు చేసింది. మాస్టారు అట్ట పెట్టి, తనే నొక్కిపట్టి, పెట్టెలోంచి కొత్త సుద్దబిళ్ల తీసి స్కేలు కుడిచేతి వేళ్ళ మధ్య ఉంచారు.

గీత బయల్దేరింది. రెండంగుళాలు అట్ట వెంట వెళ్ళింది. తర్వాత పక్కకి జరిగింది, మళ్ళీ వచ్చింది, ఒకచోట లావైంది, ఒకచోట దారంలా అయింది. స్కేలు నుదుటి మీద చెమట పట్టింది. బడిలో మొదటిరోజు పలక మీద గీసిన గీతలా, ఎటైతేనేం, చివరిదాకా వచ్చింది.

పిన్ని చెయ్యి నడుము దగ్గరి గుడ్డ మీదికి వెళ్ళింది. తనకి తెలియకుండానే గుడ్డ తీసింది, వంగింది.

మాస్టారు ఆమె మణికట్టు పట్టుకున్నారు.

"ఉండనీ పిన్నీ."

"చొక్కా వంకర వస్తుంది మాస్టారూ."

"రానీ. దాని వెంటే కోస్తాను."

జేబులోంచి ఒక చీటీ తీశారు. పొరలు: ఒకటి. ముక్కలు: ఒకటి. గోడమీది గడియారం చూసి, 'మొదలు: 4.20' అని రాశారు. ముగించిన సమయం గడి ఖాళీగా వదిలి, చీటీని గుడ్డ అంచుకి, పెట్టెలో దాచిన స్కేలు భార్య బొత్తాల సూదితోనే గుచ్చారు.